సీడీ ఏదమ్మా?

మిక్సీ కొంటే గ్యారంటీ కార్డు ఇస్తారు. గ్యాస్ కనెక్షన్ తీసుకుంటే పుస్తకం ఇస్తారు. మనం వాటిని బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా దాచుకుంటాం. మరి వేలు పోసి కొన్న కంప్యూటర్‌కి? ఇదివరకైతే విండోస్ సీడీ ఒకటి చేతిలో పెట్టేవారు. ఇప్పుడు అదీ లేదు. కానీ పాడైనప్పుడు మాత్రం రిపేరు షాపులో మొదట వినపడే మాట, "సీడీ ఏదమ్మా?"

కిందటి వానాకాలం మాకూ ఆ మాట వినపడింది. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం 2020లో కొన్న లాప్‌టాప్ మాది. బ్యాటరీలో సత్తువ పోయి కరెంటు మీదే నడుస్తోంది. అదేదో అప్‌డేట్ చేసుకుంటూ ఉండగా గాలివానకి పెదకాకానిలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక చూస్తే నీలం తెర, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. అంతే!

"సీడీ లేకపోతే ఫార్మాట్ కొట్టాల్సిందే. లోపల ఉన్నవన్నీ పోతాయి" అన్నాడు షాపు కుర్రాడు. లోపల ఏమున్నాయో అతనికేం తెలుసు! 2021 ఫిబ్రవరిలో మా అత్తగారు కొరివికారం పెట్టించారు. పండుమిరపకాయలు తుడిచి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ ఏ పాళ్ళలో వేసి తొక్కాలో చెబుతూ, మధ్యలో మంగళహారతి పాటలు కూడా పాడారు. అదంతా మా అమ్మాయి ఫోన్లో తీసి లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఆ మరుసటేడు ఆవిడ పోయారు. ఆ ఫోనూ పోయింది. ఇక ఆవిడ గొంతు ఉన్నది ఈ డబ్బాలోనే.

లాప్‌టాప్ వెనక్కి తెచ్చేసి మా మరిది కొడుక్కి ఫోన్ చేశాను. నాగార్జున యూనివర్సిటీలో చదువుతున్నాడు. "పెద్దమ్మా, దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు. సాయంత్రం వస్తా" అన్నాడు.

వచ్చి వాడు చెప్పింది నాకు బాగా నచ్చింది. "విండోస్ పొయ్యి లాంటిది పెద్దమ్మా. ఫొటోలూ పాటలూ కొట్టుగదిలో సరుకులు. పొయ్యి చెడిందని బియ్యం పారబోస్తామా?"

ముందు సరుకులు బయటికి తీశాడు. ఉబుంటు అని ఉచితంగా దొరికే లినక్స్ ఉందట. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి, లాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవ్‌తోనే స్టార్ట్ చేశాడు. 'ఇన్‌స్టాల్' నొక్కకుండా 'ట్రై' అన్నది ఎంచుకుంటే లోపలి డిస్కు చెక్కుచెదరదు. మాదానికి బిట్‌లాకర్ అనే తాళం కూడా పడి ఉంది. 48 అంకెల నంబరు అడిగింది! నా గుండె జారిపోయింది. కొన్నప్పుడు మావారు తెరిచిన మైక్రోసాఫ్ట్ అకౌంట్లోకి ఫోన్లోంచే వెళ్ళి చూస్తే ఆ నంబరు దొరికింది. (మీరు కూడా ఇవాళే ఆ నంబరు చూసి, గ్యాస్ పుస్తకంలో రాసి పెట్టుకోండి.) ఫోల్డర్లు తెరుచుకున్నాయి. అన్నీ ఇంకో హార్డ్ డిస్కులోకి కాపీ అయ్యేసరికి రాత్రి పదయింది. అత్తగారి పాట ఒకసారి వినిపించమని, విన్నాకే వాడికి అన్నం వడ్డించాను.

ఆ తర్వాతే విండోస్ పని. కంప్యూటర్ వరసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే దానంతట అదే ఒక రిపేరు తెర చూపిస్తుంది. అందులో 'ట్రబుల్‌షూట్', ఆపైన 'రీసెట్ దిస్ పీసీ', 'కీప్ మై ఫైల్స్' అని వరసగా వస్తాయి. 'క్లౌడ్ డౌన్‌లోడ్' అంటే కొత్త విండోస్‌ని నెట్‌లోంచే తెచ్చుకుంటుంది. 4 జీబీకి పైనే డేటా పట్టచ్చు. మన ఫైళ్ళు ఉంటాయి గానీ, మనం విడిగా వేయించుకున్న ప్రోగ్రాములు పోతాయి. ఆ తెర కూడా రాకపోతే, వేరే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ తెరిచి, 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ తయారుచేసుకోవచ్చు. ఆ పెన్‌డ్రైవే మన సీడీ అన్నమాట.

"మరి లైసెన్సు?" అన్నాను. 2012లో విండోస్ 8 వచ్చిన దగ్గర్నుంచీ, కంపెనీ వాళ్ళు విండోస్ వేసి అమ్మిన లాప్‌టాప్‌లలో మామూలుగా ఆ నంబరు లోపలి చిప్‌లోనే ఉంటుందట. మాదాన్ని అసలు అడగనే లేదు. సీడీ లేదని మళ్ళీ విండోస్ కొనమంటే ఎందుకు కొనాలి?

మంగళగిరిలో మా ఆడపడుచు కంప్యూటర్ మాత్రం మరీ పాతది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, అది ఇందులో లేదు. మావాడు దాన్లో ఉబుంటునే పూర్తిగా ఎక్కించాడు. మెనూలు కూడా తెలుగులో పెట్టాడు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు కూడా తెలుగులో ఇలాంటి లినక్స్ తయారుచేశారని అప్పుడే తెలిసింది. మా ఆడపడుచు ఇప్పుడు చీటీల లెక్కలు అందులోనే రాసుకుంటోంది. మొన్న వచ్చినప్పుడు కొరివికారం రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ గొంతు విని తనకీ చాలా ఏళ్ళయింది మరి.