గుజరాతీ గల్లీలో ఒగ్గుకథ

పాత పుస్తకాలు కావాలంటే కోఠి. చవగ్గా బట్టలు కావాలన్నా కోఠి. కెమెరా కొనాలన్నా... అదే దారి! ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్లో దిగి కాస్త నడిస్తే గుజరాతీ గల్లీ. అద్దాల అరల నిండా లెన్సులు, గోడలకు వేలాడే బ్యాగులు. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల నుంచి యూట్యూబ్ కుర్రాళ్ల దాకా అందరూ అక్కడే.

సిద్దిపేట వైపు పల్లె నుంచి తండ్రితో వచ్చిన ఓ డిగ్రీ కుర్రాడిదీ అదే బాట. చీటీ ఎత్తిన 60 వేలు తండ్రి జేబులో ఉన్నాయి. తాత ఒగ్గుకథ చెబుతాడు. డెబ్బై దాటాయి, గొంతు మునుపటిలా లేదు. ఈ ఏడాది మల్లన్న పట్నాలకైనా ఆయన కథను వీడియో తీసి దాచుకోవాలన్నది మనవడి తపన. డబ్బంతా పోసి కొత్త కెమెరా కొనేద్దామనుకున్నాడు.

‘‘ఏం తీస్తావ్ తమ్మీ?’’ అన్న దుకాణదారు ప్రశ్నతో లెక్క మారిపోయింది.

కథంటే ముందు వినపడాలి కదా! బొమ్మ కాస్త మసకబారినా చూస్తారు, మాట వినపడకపోతే చూడరు. అందుకే మొదటి ఖర్చు తాత చొక్కాకు తగిలించే వైర్‌లెస్ మైకుకి. డోలు మోతకు శబ్దం పగిలిపోకుండా దాని స్థాయిని ముందే తగ్గించుకోవాలి.

మరి లెన్సు? కెమెరాతో వచ్చే 18-55 ఎం.ఎం. లెన్సులో బృందమంతా పడుతుంది. కానీ పట్నాలు రాత్రిపూట. అప్పుడు 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ఆదుకుంటుంది. ఆ చిన్న లెన్సు ఎఫ్/5.6 కన్నా 9 రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిస్తుంది. అయితే చిన్న సెన్సర్ కెమెరాలో అది దగ్గరి దృశ్యాన్నే చూపిస్తుంది. తాత ముఖానికి సరే, ఇరుకు గదిలో పనికిరాదు. కాబట్టి రెండూ ఉండాలి.

డబ్బు సరిపోవాలంటే కెమెరా మాత్రం సెకండ్ హ్యాండ్‌దే! పాత లెన్సులోకి సెల్‌ఫోన్ టార్చి వేసి చూడాలి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు, వదిలేయడమే మేలు. కొనే లెన్సు కెమెరా మౌంటుకు సరిపోతుందో లేదో అక్కడే బిగించి చూసుకోవాలి. బిల్లు అడగడం మరవద్దు.

కెమెరాను మెత్తగా తిప్పేందుకు ఫ్లూయిడ్ హెడ్ ట్రైపాడ్, వీ30 గుర్తున్న మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ... ఇవీ తప్పవు. పాత కెమెరాలు చాలావరకు అరగంటకోసారి రికార్డింగ్ ఆపేస్తాయి. ఒగ్గుకథేమో తెల్లవార్లూ సాగుతుంది! మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50లో పెడితే ట్యూబులైట్ల కింద బొమ్మ మిణుకుమనదు.

బేరం తెగింది. మైకు పరీక్షించాలంటే ఎవరైనా మాట్లాడాలిగా. ‘‘బాపూ, ఏదన్న చెప్పు’’ అన్నాడు కొడుకు. ఏం చెప్పాలో తోచని తండ్రి, చిన్నప్పటి నుంచీ విన్న మల్లన్న కథనే అందుకున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు ఆపమనలేదు. తాత తర్వాత ఆ కథ ఎవరికొచ్చో అతనికి అప్పుడే తెలిసింది!