అమ్మ తంబూరా, నా వేవ్‌టేబుల్

మా ఇంట్లో ఒక తంబూరా ఉండేది. ఉండేది అనడం తప్పేలెండి, ఇప్పటికీ ఉంది. మంచం వెనకాల గోడకి చేరబడి, పాత దుప్పటి కప్పుకుని ఉంది. కుండ అడుగున జానెడు పగులు. 2021లో నాన్న రిటైరయ్యాక విజయనగరంలో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదులో నా దగ్గరకి వచ్చేసినప్పుడు, లారీలో ఎవరో మహానుభావుడు దాని పక్కన కుట్టుమిషను ఇరికించాడు. దారిలో ఎక్కడ పగిలిందో తెలీదు గానీ, దుప్పటి విప్పి చూసి అమ్మ "సరేలే" అని మళ్ళీ కప్పేసింది. అంతే. ఆ రోజు నించీ అమ్మ పాడడం లేదు.

బొబ్బిలి తీసుకెళ్తే అక్కడ గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళున్నారు, ఎవరో ఒకరు అతికిస్తారు కదా అని నేను చాలాసార్లు అన్నాను. "ఎండలు తగ్గనీ" అంటుంది. ఎండలు తగ్గితే "వానలు, పనస చెక్క తేమ పీలుస్తుంది" అంటుంది. ఫోన్లో తంబూరా యాప్ పెట్టి ఇచ్చాను. రెండు రోజులు విని, "ఒకటే ముక్క తిప్పితిప్పి వేస్తోందిరా, ఎక్కడ అతుకు పడిందో కూడా తెలుస్తోంది" అని ఫోను తిరిగిచ్చేసింది. నిజమే, అది లూపు. నాకు తెలియని అతుకు ఆవిడ చెవికి తెలిసింది.

ఇక నా సంగతి. పగలు జావా, రాత్రి సింథసైజరు. లాక్‌డౌన్‌లో అందరూ డాల్గోనా కాఫీ గిలక్కొడుతుంటే నేను పాతిక మెట్ల మిడి కీబోర్డు ఒకటి కొన్నాను. 2020 చివర్లో మాట్ టైటెల్ అనే ఆయన వైటల్ అనే వేవ్‌టేబుల్ సింథ్ విడుదల చేశాడు. ఉచితంగా దొరికే వెర్షనుంది, సోర్సు కోడు కూడా జీపీఎల్ లైసెన్సు కింద పెట్టాడు. అంతకు ముందు ఇలాంటివాటిలో అందరి నోటా వినబడే పేరు స్టీవ్ డూడా చేసిన సీరమ్, 2014 నాటిది. దాని ధర చూసి అప్పట్లో దణ్ణం పెట్టి ఊరుకున్నాను. వైటల్‌తో ఇప్పటిదాకా పాతిక పాటలు చేసి ఉంటాను. వాటికి మొత్తం శ్రోతలు పదకొండు మంది, అందులో రెండు అకౌంట్లు నావే :)

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పాతిక పాటల్లో నేను సొంతంగా చేసిన శబ్దం ఒక్కటి లేదు. అన్నీ ప్రీసెట్లే. వేరేవాళ్ళ కోడు కాపీ చేసి వేరియబుల్ పేర్లు మార్చి "నేనే రాశా" అనుకోవడం మన వృత్తిలో మామూలే కదా, ఇదీ అంతే. ఫిల్టర్ మీట కాస్త తిప్పి "సౌండ్ డిజైన్" అనుకునేవాణ్ణి.

మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే ఒక క్యాసెట్ దొరికింది. మీద నాన్న దస్తూరీ, "సాధన, 1994". నేను పుట్టకముందు అమ్మ పాడుకుంటుంటే నాన్న టేప్ రికార్డరు పెట్టి పట్టింది. మొదట్లో తంబూరా, అమ్మ గొంతు సవరించుకోవడం, తర్వాత పాట. వినగానే బుర్రలో బల్బు వెలిగింది. వేవ్‌టేబుల్‌ని ఏ శబ్దంతోనైనా చేసుకోవచ్చు కదా! అమ్మ తంబూరాతో చేస్తే?

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను, తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి. చిన్నప్పుడు నోటుపుస్తకం మూలల్లో పేజీకో బొమ్మ వేసి, గబగబా తిప్పితే బొమ్మ కదిలేది గుర్తుందా? వేవ్‌టేబుల్ అదే. ఒక్కో పేజీలో శబ్దతరంగం తాలూకు ఒకే ఒక్క ఆవృత్తి ఉంటుంది. వైటల్‌లోనైనా సీరమ్‌లోనైనా పేజీకి 2048 అంకెలు, పుస్తకానికి 256 దాకా పేజీలు. ఒకే పేజీని సెకనుకి 196 సార్లు చుట్టి చదివితే 196 హెర్ట్జ్ స్వరం. చదువుతూ చదువుతూ పేజీలు మారిస్తే స్వరం అలాగే ఉండి, దాని రంగు మారుతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. ఎంత వేగంగా చుడుతున్నాం అన్నది ఒక మీట, ఏ పేజీలో ఉన్నాం అన్నది ఇంకో మీట. రెంటికీ సంబంధం లేదు. మామూలు రికార్డింగులో అలా కుదరదు. స్వరం దించాలంటే టేపు నెమ్మదిగా తిప్పాలి, తిప్పితే బ్యాటరీ అయిపోతున్న టేప్ రికార్డరులా మొత్తం సాగుతుంది. ఈ ఆలోచనని 1970ల చివర్లోనే పట్టుకున్నవాడు జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ పామ్, ఆయన పీపీజీ వేవ్ సింథ్‌లు 1980ల పాప్ సంగీతంలో బాగా వినిపిస్తాయి. మెమరీ బంగారంలా ఉన్న రోజుల్లో పూర్తి రికార్డింగు దాచే బదులు ఆవృత్తులు మాత్రం దాచుకోవడం ఎంత పొదుపో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

సరే, క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించి, తంబూరా మాత్రమే ఉన్న నలభై సెకన్లు కోసి, తీసుకెళ్ళి వైటల్‌లో పడేశాను. కీ నొక్కితే దోమల గుంపు. నిజంగా, మా అపార్టుమెంటు సెల్లారులో సాయంత్రం ఆరింటికి వినబడే శబ్దం.

కారణం తర్వాత తెలిసింది. తంబూరాలో నాలుగు తీగలు. పంచమం, రెండు సారణి షడ్జాలు, చివర మంద్ర షడ్జం. ఒకటి మోగుతుండగానే ఇంకోటి మీటుతారు కాబట్టి ఎప్పుడూ నాలుగూ కలిసే ఉంటాయి. "ఒక ఆవృత్తి" అంటూ ఉండదు. విడదీద్దామని లెక్కలు వేశాను. అమ్మది ఐదు శ్రుతి, అంటే షడ్జం 196 హెర్ట్జ్. మంద్రం 98, పంచమం 147. 98కి రెట్లు రాసుకుంటూ పోతే 196 రెట్లన్నీ అందులోనే ఉన్నాయి. షడ్జం మూడో రెట్టు 588, పంచమం నాలుగో రెట్టూ 588. శ్రుతి కలిసింది అంటే అర్థమే అది కదా, ఒకదాని హార్మోనిక్స్ ఇంకోదాని మీద కూర్చోవడం. అంత బాగా కలిసినవాటిని ఎఫ్ఎఫ్‌టీతో విడదియ్యాలనుకున్నాను చూడండి, నా ఈసీఈ డిగ్రీ వెనక్కి తీసుకోవాలి.

రెండు వారాలు వదిలేశాను. ఒక రాత్రి బిల్డ్ అవుతుండగా ఏమీ తోచక క్యాసెట్ రెండో వైపు మొదటి నించి పెట్టాను. ముందర ఒక నిమిషం పైన ఏదో టింగు టింగు అని ఉంటుంది, మొదట్లో ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేశాను. ఈసారి విన్నాను. అమ్మ శ్రుతి చేసుకుంటోంది! ఒక్కో తీగ విడిగా మీటడం, బిరడా తిప్పడం, ఆగడం, మళ్ళీ మీటడం, కింద పూస జరపడం, మళ్ళీ. సారణి తీగ ఒక్కటే తొమ్మిదిసార్లు. ప్రతి తీగా తన చుట్టూ నిశ్శబ్దంతో. నాకు కావలసిందంతా నేను పనికిరాదని దాటేసిన చోట ఉంది.

తర్వాత పని మన పనే. తొమ్మిదో మీటులో శ్రుతి కుదిరింది, అది తీసుకున్నాను. 44100 శాంపిల్ రేటులో 196 హెర్ట్జ్ అంటే ఆవృత్తికి సరిగ్గా 225 శాంపిళ్ళు. కానీ క్యాసెట్ కదా, స్పీడు ఊగుతుంది, ఒకటి 224, ఒకటి 226. పైథాన్‌లో ఒక్కో ఆవృత్తి పొడవు కొలిచి, 2048కి సాగదీసి, ఐదు సెకన్ల మోతలో నించి 64 పేజీలు ఏరాను. పేజీకీ పేజీకీ ఫేజు కుదరక మొదట టపటపా పేలింది. అన్నిటినీ ఒక వరసలోకి తెచ్చాక నునుపుగా వచ్చింది.

అప్పుడు ఆ 64 పేజీల స్పెక్ట్రమ్ వరసగా పెట్టి చూశాను. ఇక్కడ కాసేపు ఆగాలి నేను. గిటారు తీగ మీటితే మొదట మెరిసి, క్రమంగా మొద్దుబారుతుంది, పై హార్మోనిక్స్ ముందు చస్తాయి. తంబూరా అలా చెయ్యదు. మీటాక పైనెక్కడో ఒక వెలుగు పుడుతుంది, అది ఒక్కో హార్మోనిక్‌నీ వెలిగించి ఆర్పుతూ మెట్లు దిగినట్టు కిందికి వస్తుంది. చెవికి అది "ఝుం" అని తిరిగే మోత. బ్రిడ్జి పైభాగం చదునుగా, కొద్దిగా వంపుగా ఉంటుంది, దాని మీద తీగ కింద ఒక దారం ముక్క పెడతారు. తీగ ఆ వంపు మీద అంటీ అంటనట్టు తాకుతూ ఉండడం వల్ల శక్తి కింది హార్మోనిక్స్ నించి పై వాటిలోకి పోతూ ఉంటుంది. హిందుస్తానీ వాళ్ళు జవారీ అంటారు. అమ్మ వాళ్ళ మేష్టారు "జీవం పెట్టడం" అనేవారట.

దీని మీద సి.వి.రామన్ 1921లోనే పేపరు రాశారు. తీగని ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు కదలకుండా ఉండాల్సిన హార్మోనిక్స్ వినబడకూడదని పాత సూత్రం. వీణా తంబూరాలు ఆ సూత్రాన్ని లెక్కచెయ్యవని ఆయన చూపించారు. నోబెల్ 1930లో వేరే పనికి వచ్చిందనుకోండి. ఆయన చిన్నతనం చదువంతా విశాఖపట్నంలోనే, వాళ్ళ నాన్నగారు అక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు. మా వైపు వాడే అని చెప్పుకోవడానికి ఆమాత్రం చాలు నాకు.

పై నించి కిందికి దిగే ఆ వెలుగే నా పేజీల వరస. అంటే వేవ్‌టేబుల్ కోసమే పుట్టినట్టుంది తంబూరా. నాలుగు ట్రాకులు, నాలుగు వైటల్‌లు, తీగకొకటి. ఎన్వలప్ పెట్టి పేజీలు ఐదు సెకన్లలో తిప్పాను. మీటిన క్షణంలో తీగ రవంత పైకి లాగి సర్దుకుంటుంది, దానికి చిన్న పిచ్ ఎన్వలప్. రెండు సారణుల మధ్య 0.3 హెర్ట్జ్ తేడా, దాంతో మూడు సెకన్లకోసారి మెల్లగా ఊగుతుంది. మీటే కాలం మాత్రం గ్రిడ్ మీద పెట్టలేదు, క్యాసెట్లో అమ్మ చెయ్యి ఎలా పడిందో అలాగే.

ఆదివారం మధ్యాహ్నం అమ్మని కూర్చోబెట్టి స్పీకర్లలో వేశాను. కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

"ఏవిట్రా ఇది, మనదేనా?"

"మనదేనమ్మా. క్యాసెట్లోంచి తీశాను."

"బావుంది." ఇంకాసేపు వింది. "దీన్ని శ్రుతి చెయ్యడం ఎలా?"

"చెయ్యక్కర్లేదమ్మా. ఎప్పుడూ కరెక్టుగా ఉంటుంది, పక్కకి పోదు." నేను గర్వంగానే అన్నాను.

"మరి నేనేం చెయ్యాలి?"

నాకు అర్థం కాలేదు. అమ్మే చెప్పింది. పాట మొదలెట్టే ముందు ఆ పది నిమిషాలూ తీగ సరిచేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, సరయ్యేది చెవి అట. బజారు నించి వచ్చి, వంట చేసి, ఎవరితోనో మాటపడి కూర్చుంటాం, ఆ చెవితో పాడలేం. పంచమం వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఉంటే లోపలి రొద తగ్గుతుంది, గొంతు అప్పటికి సిద్ధమవుతుంది. "ఎవరో శ్రుతి చేసిచ్చిన తంబూరా పుచ్చుకుంటే సగం పాటే వస్తుంది" అంది.

ఆ రాత్రి నేను నా కెరీర్లో మొదటిసారి కావాలని బగ్ పెట్టాను. ప్రాజెక్టు తెరిచిన ప్రతిసారీ నాలుగు తీగలూ అటూ ఇటూ పదిహేను సెంట్ల లోపు ఎక్కడికో చెదిరిపోయేలా చిన్న స్క్రిప్టు. మిడి కీబోర్డు మీదున్న నాలుగు గుండ్రటి మీటలకీ నాలుగు తీగల ఫైన్ ట్యూనింగు. మా టెస్టింగు టీమ్ చూస్తే సెవిరిటీ వన్ వేస్తారు.

మర్నాడు చూపించాను. మీట తిప్పి చూసి నవ్వింది. తర్వాత కాసేపు ఊరుకుని, నాకేసి చూడకుండా, "ఐదు వద్దురా. నాలుక్కి దించగలవా?" అంది.

"ఎందుకమ్మా, నీది ఐదు కదా?"

"ఇప్పుడందదు. విజయనగరంలో ఉండగానే తగ్గిపోయింది, ఇక్కడికొచ్చే రెండేళ్ళ ముందే. తార స్థాయిలో గాంధారం పట్టబోతే గాలొచ్చేది. పిల్లలకి చెప్పడం కూడా అందుకే మానేశాను." దుప్పటి వైపు చెయ్యి చూపించింది. "తంబూరా పగిలిందని చెప్పడం తేలిగ్గా ఉందిలే."

నాలుగేళ్ళుగా ఎండలూ వానలూ ఎందుకు అడ్డమొచ్చాయో నాకప్పుడు తెలిసింది. ఏమనాలో తోచక లాప్‌టాప్ దగ్గరకి లాక్కున్నాను. ట్రాన్స్‌పోజ్ గడిలో మైనస్ రెండు కొట్టాను, 196 కాస్తా 174.6 అయింది. పేజీలు అదే నడకన తిరుగుతున్నాయి, ఏదీ సాగలేదు. కాకపోతే వేవ్‌టేబుల్‌లో చెక్క మోత కూడా స్వరంతో పాటు కిందికి దిగిపోతుంది, అసలు తంబూరాలో చెక్క ఉన్నచోటే ఉంటుంది. అమ్మ వెంటనే "ఇది మనదానికన్నా పెద్ద తంబూరాలా ఉందే" అంది. ఫిక్స్‌డ్ ఫిల్టరు పెట్టి అది సరిచెయ్యాలి, ఇంకా చెయ్యలేదు.

అమ్మ కింద చాప వేసుకుని కూర్చుంది. పంచమం మీట పట్టుకుని ఎటు తిప్పితే ఎటు వెళ్తుందో తెలీక మొదట రెండుసార్లు తప్పు వైపు తిప్పింది. నేను స్క్రీను మీద ట్యూనరు చూసి, "అమ్మా, ఇంకో నాలుగు సెంట్లు పైకి..." అనబోయాను.

"నువ్వు మాట్లాడకు" అంది కళ్ళు తెరవకుండానే. "ఆ బొమ్మ మూసెయ్యి. వింటున్నాను."