బోర్లించిన ముంత

కల్లు దుకాణమున కూర్చుండి భోజనము చేసి వచ్చితినన్నచో నా సోదరీమణులు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. ఏడాది క్రిందట నాతో ఎవరైన ఆ మాట చెప్పియుండిన నేనును అట్లే చేసియుందును.

మా మెట్టినిల్లు ఇబ్రహీంపట్నమునకు చేరువనున్న మంచాల. ఊరి వెలుపల తాళ్ళ నడుమ క్రొత్తగా నొక కల్లు దుకాణము వెలసినది. నాలుగు గుంజలపై తాటాకుల పందిరి, అలికిన అరుగులు, ఒక మూల కట్టెల పొయ్యి. కుటుంబములతో వచ్చువారికై వేరుగా తడికె కట్టినారు. ఈ సంగతి విన్నది మొదలు మా అత్తమ్మకు అచ్చటికి పోవలెనని కోరిక. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. మామగారు గతించిన పిమ్మట ఆమె నోరు తెఱచి నన్నేదియు కోరి యెఱుగదు.

"ఒక్క ముంతనే బిడ్డా! చిన్నప్పుడు నాట్లేసి వచ్చినంక మా అమ్మ పక్కన కూసోని తాగినట్టు," అనెను.

నా గుండె జల్లుమన్నది. మా తండ్రి సారాకు దాసుడై మా అమ్మ పుస్తెలు సైతము అమ్మినాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినప్పుడు నాకు పండ్రెండేండ్లు. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషిద్ధమయ్యెను. ఆ వార్త విని మా అమ్మ వెక్కివెక్కి యేడ్చినది. మా తండ్రి ఆ యుగాదికే పోయియుండెను. మత్తు అమ్ము చోట అడుగిడనని నాడే ఒట్టు పెట్టుకొంటిని.

ఒట్టు నాది, కోరిక ఆమెది. తుదకు మాఘమాసమున నొక ఆదివారము ఉదయము ఆమె చేయి పట్టుకొని వెడలితిని.

గౌడు మోకు, ముస్తాదులతో చెట్టు దిగుచుండెను. అతని యిల్లాలు లొట్టిలోని కల్లు వడగట్టుచుండెను. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిన సంగతి నా మనస్సున మెదలి, "ఇందులో ఏమి కలుపుదురు?" అని నిష్ఠూరముగా అడిగితిని.

ఆమె కోపగింపలేదు. "చెట్టు ఎంతిస్తే అంతే అమ్ముతం అమ్మా! ఒంటిగంటకు లొట్టి బోర్లిస్తం," అనెను.

ఆ మాటలో సత్యము కలదు. వేకువను దించిన కల్లు తియ్యగా నుండి, సహజముగా చేరు సూక్ష్మజీవులచే పులిసి, పొద్దెక్కినకొలది ఘాటెక్కును; నిలువ యుండదు. చెట్టు ఇచ్చునది కొంచెము, అడుగువారు పెక్కుమంది. ఆ కొఱతను నీళ్ళతోను మత్తుమందులతోను పూడ్చువారే ప్రాణములు తీయుచున్నారు.

వేడి జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, ఉల్లిపాయలు చల్లిన శనగ గుడాలు వడ్డించిరి. ప్రక్క అరుగున ఒక తల్లి బిడ్డకు రొట్టె తుంచి పెట్టుచుండెను. అప్పటికే రెండు ముంతలు త్రాగిన యొకడు మూడవది అడుగగా, గౌడు ఇల్లాలు ముంతకు బదులు రొట్టె తెచ్చి యెదుట పెట్టి, "తిని ఇంటికి పో అన్నా!" అనెను. అతడు సణుగుచునే తినెను.

మా అత్తమ్మ గుక్క గుక్కగా త్రాగి, ముంతను అరుగుపై బోర్లించి, "చాలు బిడ్డా!" అనెను.

నాకు కన్నీరాగలేదు. మా తండ్రి నోట ఆ మాట నేనెన్నడు వినియుండలేదు.

నేను ఆనాడు చుక్కయైన ముట్టలేదు, ఇకముందును ముట్టను. మా తండ్రిని క్షమించితినని చెప్పజాలను. కాని ఒకటి తెలిసికొంటిని. త్రాగువాడు 'చాలు' అనలేనప్పుడు, అమ్మువాడు అననప్పుడు, ఆ మాట ఇల్లాలే అనవలసి వచ్చును. దూబగుంట స్త్రీలు అనినది అదియే కదా! నాడు మా అమ్మ ఒంటరిది. ఆమె అనినను వినువారు లేకపోయిరి.