షోడశ కళలు, గిన్నెడు గటక

కోరుట్లలో మగ్గం నేస్తూనే పోతన భాగవతాన్ని కంఠస్థం చేసిన ఒక వృద్ధుడున్నాడు. ఏడు పదులు దాటిన ప్రాయం. గతంలో ఒకసారి ధర్మపురిలో, గోదావరీ తీరాన ప్రహ్లాద చరిత్ర చెబుతుండగా పద్యం మధ్యలోనే తెగిపోయింది. శ్రోతలు దానిని భక్త్యావేశమని భావించి చేతులు జోడించారు. అది విస్మృతి అని ఆయనకు మాత్రమే తెలుసు.

దానికి ఆయన ఎంచుకున్న చికిత్స ఉపవాసం. జఠరం శూన్యమైతే మేధ నిర్మలమవుతుందని ఆయన విశ్వాసం. ఏకాదశితో ఆరంభమైన నియమం క్రమంగా ప్రతిదినం మధ్యాహ్న భోజనాన్నే త్యజించే వరకు వచ్చింది. మధుమేహపు మాత్ర మాత్రం ఉదయం యథావిధిగా పడేది. ఒకనాటి అపరాహ్ణవేళ ఒళ్ళంతా చెమట, కరకంపం, ఎదురుగా నిలిచిన కోడలి పేరు కూడా స్ఫురించని అయోమయం. జగిత్యాల వైద్యుడు పరీక్షించి, తిండి లేక రక్తంలో చక్కెర పడిపోయిందన్నాడు. బి12 కూడా తక్కువగా ఉందని మాత్రలు వ్రాశాడు. దేహభారంలో రెండు శాతమే ఉండే మెదడు, విశ్రాంతిలో శరీరం వ్యయించే శక్తిలో దాదాపు ఐదవ వంతును గ్రహిస్తుంది. ఇంధనం ఆగితే మొదట తడబడేది అదే.

అయినా వృద్ధుడు వినలేదు. వైద్యుని వాక్యం కంటే నియమమే బలమైనది. చివరకు ఆయనను ఒప్పించినది బీడీలు చుట్టే కోడలు.

"మామా, శ్వేతకేతు ముచ్చట మీరే చెప్తిరి గదా. పదిహేను దినాలు తినకపోతే, చదివిన వేదం యాదికొచ్చిందా?"

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలోని ఘట్టమది. భుక్తాన్నంలోని స్థూలభాగం మలంగా, మధ్యమభాగం మాంసంగా, సూక్ష్మతమభాగం మనస్సుగా పరిణమిస్తాయని ఉద్దాలకుడు కుమారునికి బోధిస్తాడు. మాటతో ఆగక పరీక్షకు పెడతాడు. శ్వేతకేతువు పదిహేను దినాలు జలం మాత్రమే సేవిస్తాడు. పదహారు కళలలో ఒక్కటే మిగులుతుంది, మిణుగురంత నిప్పుకణంలా. అప్పుడు వేదం స్ఫురించదు. భుజించిన పిదప అంతా స్ఫురిస్తుంది. ఉపవాసాన్ని ఉపనిషత్తు నిందించలేదు. మనస్సుకు అన్నమే ఆధారమని మాత్రం నిరూపించింది. గీత ఆరవ అధ్యాయం కూడా అతిభోజనాన్నీ అభోజనాన్నీ ఒకే త్రాసులో తూచింది.

కోడలికి మధ్యాహ్నం దొరికేది అరగంట. తునికాకు చాట పక్కన పెట్టి, పొద్దున్నే నానబెట్టిన జొన్నరవ్వను గటకగా ఉడికిస్తుంది. రెండవ పొయ్యి మీద పాలకూర, పెసరపప్పు. వారానికొకసారి అవిసెగింజలు, నువ్వులు, జీలకర్ర దోరగా వేయించి పొడి కొట్టి ఉంచుకుంటుంది; అందులోంచి ఒక చెంచా. పైన పలుచని మజ్జిగ. ఉదరంలో సగం ఘనాహారానికి, పాదం ద్రవానికి, శేషం వాయువుకు అన్న ఆయుర్వేద ప్రమాణం ఆమె చదివింది కాదు. గిన్నె చిన్నది, అంతే.

ఆమె భర్త సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతాడు. తెల్లవారి వండిన అన్నం డబ్బాలో మోసుకెళ్ళి ఒంటిగంటకు తింటాడు. వండి జాము దాటిన అన్నం తామసమని గీత పదిహేడవ అధ్యాయం చెప్పినప్పుడు మరమగ్గాల షిఫ్టులు లేవు. అతని డబ్బాలోనూ ఇప్పుడు ఆ పొడి వెళుతోంది.

వృద్ధుడు పూర్వంలా ధారాళంగా చెప్పలేకపోతున్నాడు. మాత్రలు ఆపలేదు, పద్యాలన్నీ తిరిగి రాలేదు. మొన్న గటక ముగించి, చేయి కడుక్కొని, ఆనాడు తెగిన పద్యాన్నే ఎత్తుకున్నాడు. మూడవ పాదం దగ్గర ఆగాడు. కోడలు ఆకు కత్తిరిస్తూనే మొదటి మాట అందించింది.