తేట నీరు

ఉద్దానపు తీరమున కెరటము విరిగినచోట ఇసుక లేచి నీరు కలకబారును. కెరటము శాంతించిన పిదప మెల్లగా తేరును. సముద్రమునకు సులభమైన యీ పని గాజుతొట్టికి సులభము కాదు.

క్రొత్త తొట్టిలో లీటరు నీటికి సుమారు 35 గ్రాముల సముద్రలవణములు కలిపి, ఇసుక పరచగనే నీరు మసకబారును. అది ఇసుకలోని నలుసు. ఒకటి రెండు దినములలో అడుగునకు చేరును. కడవలో చిల్లగింజ అరగదీసి బురదనీటిని తేర్చిన పూర్వులకు ఈ సంగతి తెలిసినదే.

కొన్నాళ్లకు నీరు పాలవలె తెల్లబడినచో కారణము వేరు. అది సూక్ష్మజీవుల విజృంభణము. దానికి ఓర్పే మందు. తొందరపడి నీరంతయు మార్చినచో మసక మరల రావచ్చును.

అయినను నీరు తేరినంతనే చేపకు క్షేమమని తలపరాదు. చేపల విసర్జనముల వలనను, మిగిలిన మేత కుళ్లుట వలనను పుట్టు అమ్మోనియాకు రంగు లేదు. కాని అది ప్రాణము తీయగలదు. దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు ఇసుకలోను రాళ్లపైనను కుదురుకొనుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు చిటికెడు మేత మాత్రము వేయుచు, చేపలు లేకయే తొట్టిని ఉంచవలెను.

టెక్కలి చేరువనున్న నౌపడ ఉప్పుమళ్లలో ఉప్పు తేలువరకు పనివారు ఎండను నమ్మి వేచియుందురు. తొట్టిని పెంచువానికిని అట్టి నిదానమే కావలెను. కంటికి తేట వేరు. ప్రాణికి తేట వేరు.