సముద్రపు రుమాలు: కొనుగోలు, సదఖా, బాధ్యత

అలలు, చేపలు, తాబేళ్ల బొమ్మలను చిత్రకారుల చేత గీయించి, తలకు కట్టుకునే రుమాళ్లపై అచ్చువేసి అమ్ముతున్నారు. వచ్చిన ఆదాయంలో కొంత సముద్ర పరిరక్షణకు వెచ్చిస్తామని అమ్మేవారు చెబుతున్నారు. ఇటువంటి రుమాలు కొంటే సదఖా పుణ్యం లభిస్తుందా, దాన్ని ధరించి నమాజు చేయవచ్చా అని మా విద్యార్థులు మమ్మల్ని అడుగుతున్నారు. ఈ ప్రశ్నలకు సమాధానం ఇంటిల్లిపాదికీ అవసరమని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

తలగుడ్డ మనకు కొత్త కాదు. 'బందానా' అనే పేరు కట్టడమనే అర్థమున్న హిందీ మాట నుంచే ఆంగ్లంలోకి వెళ్లింది. 'రుమాలు' అంటే ముఖం తుడుచుకునేదని పారశీకంలో అర్థం. నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో శుద్ధి చేసి, ఎరుపు, నలుపు, తెలుపు రంగులలో చీరాల నేతగాళ్లు నేసిన తేలియా రుమాళ్లు ఒకనాడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఆ నేత నేడు తెలంగాణలోని పుట్టపాకలో నిలిచి ఉంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

సముద్రం పేరిట వస్తువులు అమ్మే పద్ధతి మాత్రం ఇటీవలిది. 'పార్లే ఫర్ ది ఓషన్స్' అనే అంతర్జాతీయ సంస్థ పేరుగాంచిన చిత్రకారులు రూపకల్పన చేసిన సంచులను ఈ విధంగానే విక్రయించింది. 2022 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖపట్నంలో ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆనాడు వేలాది మంది భీమిలి వరకు తీరంలో ప్లాస్టిక్ చెత్తను ఏరివేశారు.

ఇక ధర్మశాస్త్రం విషయానికి వద్దాము. వస్తువుకు వెల చెల్లించడం కొనుగోలు అవుతుంది. ప్రతిఫలం ఆశించకుండా ఇచ్చినదే సదఖా. మంచి సంకల్పంతో కొన్నవారికి అల్లాహ్ తన అనుగ్రహంతో పుణ్యం ప్రసాదించవచ్చు. అయితే ఆ వెలను జకాత్ లెక్కలో చేర్చరాదు. జకాత్ ఎవరికి చెందాలో దివ్యఖుర్ఆన్ ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. అమ్మేవాడి మాట కూడా అమానతే. ఎంత భాగం, ఎవరికి, ఏ పనికి చేరుతుందో స్పష్టంగా చెప్పని చోట అడిగి తెలుసుకునే హక్కు కొనేవారికి ఉంది.

బహిరంగంగా చేసే దానమూ మంచిదేననీ, గోప్యంగా పేదలకిచ్చే దానం మరింత శ్రేష్ఠమనీ ఖుర్ఆన్ బోధిస్తుంది. దానాన్ని తలపై కట్టుకుని తిరగడంలో ఇతరులను ప్రోత్సహించే మేలు ఉన్నది, రియా అనే ప్రమాదమూ ఉన్నది. ఏది మన హృదయంలో ఉన్నదో అల్లాహ్‌కు తెలుసు.

బొమ్మల సంగతి చూద్దాము. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఇంట బొమ్మలున్న తెరను దైవప్రవక్త (సఅసం) ఇష్టపడలేదు. అప్పుడు ఆమె ఆ గుడ్డను కోసి దిండ్లుగా చేశారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ప్రాణుల రూపాలు స్పష్టంగా ఉన్న వస్త్రంతో నమాజు చేయడం హనఫీ ధర్మవేత్తల దృష్టిలో మక్రూహ్. అలలు, నావలు, చెట్ల బొమ్మలకు అభ్యంతరం లేదు. అయినా నమాజులో దృష్టిని మరల్చే నగిషీ వస్త్రాన్ని ప్రవక్త (సఅసం) తిరిగి పంపివేశారన్న సంగతి మరువరాదు.

రుమాలు ఏ నూలుతో తయారైందో కూడా చూడాలి. పాలిస్టర్ గుడ్డను ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీటిలో కలుస్తాయి. సముద్రాన్ని రక్షిస్తామని కొన్న వస్తువే సముద్రాన్ని కలుషితం చేయడం ఎంత విచిత్రం!

అసలు సముద్రానికి మనం చేసే హాని తీరంలోనే మొదలవుతుందా? కాదు. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని నది బొర్రా గుహల గుండా ప్రవహించి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. అరకు విహారానికి వచ్చిన మన కుటుంబం బొర్రా వద్ద వాగు ఒడ్డున పారవేసిన నీళ్ల సీసా, చిప్స్ పొట్లం తొలివానకు కొట్టుకుపోయి ఆ దారినే సాగుతాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు విశాఖ తీరానికి వస్తాయి. తేలియాడే సంచిని జెల్లీచేప అనుకుని మింగిన తాబేలు ప్రాణాలు కోల్పోతుంది. నోరులేని ఆ జీవి ఫిర్యాదు ఎవరికి చేసుకుంటుంది?

భూమిపైన, సముద్రంలోను ప్రబలిన సంక్షోభానికి మానవుల చేతలే కారణమని ఖుర్ఆన్ ఏనాడో హెచ్చరించింది. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని ప్రవక్త (సఅసం) బోధించారు. నీరు పారే దారికి ఆ బోధన వర్తించదని ఎవరనగలరు? ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసేటప్పుడు సైతం నీటిని వృథా చేయవద్దన్నది ఆయన శిక్షణ.

ఈ విషయంలో మన్యంలోని గిరిజన సోదరుల జీవితం మనకు పాఠం. అడవిలో సేకరించిన అడ్డాకులతో విస్తళ్లు కుడతారు, వెదురు బొంగులో వండుకుంటారు. తిన్న తరువాత మిగిలేదంతా మట్టిలో కలిసిపోయేదే. వారి ఇంటికి అతిథులుగా వెళ్లిన మనం వారి వాగుల్లో చెత్త వదలి రావడం ఏ మర్యాద?

కనుక మేము చెప్పేది ఇదే. రుమాలు నచ్చితే, వివరాలు తెలిస్తే కొనండి. కొనలేనివారు చింతించనక్కరలేదు. విహారానికి వెళ్లేటప్పుడు ఇంటి నుంచి నీళ్ల సీసాలు, గుడ్డ సంచి తీసుకువెళ్లండి. పారవేయదగినదంతా ఆ సంచిలోనే తిరిగి తెచ్చుకోండి. మరొకరు పడవేసిన చెత్తలో ఒక్కటైనా పిల్లల చేత తీయించండి. ఎవరూ చూడని ఈ సదఖాకు వెల లేదు.

అల్లాహ్ మనకు అప్పగించిన నేలను, నీటిని అమానతుగా కాపాడే సౌభాగ్యం మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.