వెంట్రుకవాసి గీతలు

రైలింజను అనగానే మనకు నలుపే తోస్తుంది. మన స్టేషన్లలో ఆవిరి ఇంజన్ల ఆఖరి రోజులు చూసినవాళ్ళకు గుర్తున్నది బొగ్గుమసి, నూనె జిడ్డు, వాటి మధ్య తెల్లటి అంకెలు. అందుకే విలియం స్ట్రౌడ్లీ ఇంజన్లను మొదటిసారి రంగుల్లో చూసినప్పుడు ఇవి నిజంగా పట్టాల మీద తిరిగాయా అని అనుమానం వస్తుంది. 1870 నుంచి 1889లో చనిపోయేదాకా ఆయన ఇంగ్లండులోని లండన్ బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేకి లోకోమోటివ్ సూపరింటెండెంట్. ఆయన పాసింజరు ఇంజన్లు బంగారు ఛాయ తిరిగిన చిక్కటి పసుపు. ఆ పసుపు చుట్టూ ముదురు ఆలివ్ ఆకుపచ్చ అంచు. రెండు రంగులూ కలిసేచోట నల్లటి పట్టీ, దాన్ని ఒరుసుకుంటూ సన్నటి ఎరుపు, తెలుపు గీతలు. కింద చట్రం ముదురు కెంపు. బఫర్లు బిగించిన ముందు దూలం సింధూరం. పొగగొట్టానికి రాగి అంచు, డ్రైవరు నిలబడే క్యాబుకు తెల్లటి పైకప్పు. పక్కనున్న నీళ్ళ ట్యాంకు మీద బంగారు రేకు అక్షరాల్లో ఇంజను పేరు.

ఈ పసుపుకు చరిత్రలో నిలిచిన పేరు మాత్రం ‘మెరుగుపరచిన ఇంజను ఆకుపచ్చ’. స్ట్రౌడ్లీకి రంగులు సరిగా తెలిసేవి కావని, అందుకే పసుపును ఆకుపచ్చ అన్నాడని ఒక కథ చెబుతారు. నాకది నమ్మబుద్ధి కాదు. కెంపు పక్కన పసుపును, పసుపు పక్కన ఆలివ్‌ను అంత పొందికగా నిలబెట్టి, వాటి మధ్య ఎక్కడ తెలుపు పడాలో, ఎక్కడ ఎరుపు పడాలో తేల్చుకున్న మనిషి కళ్ళు బాగానే పనిచేశాయి. పైగా ఇది ఆయన బ్రైటన్‌కు వచ్చాక హఠాత్తుగా చేసిన పని కాదు. అంతకుముందు స్కాట్లండులో హైలాండ్ రైల్వేలో ఉన్నప్పుడే ఈ పసుపు వాడాడు.

ఆయన ఇంజన్లకు చిన్న నమూనాలు చేసే నాలాంటివాళ్ళు ఎక్కువగా మనసుపడేది టెరియర్ అన్న ముద్దుపేరున్న చిట్టి ఇంజన్ల మీద. 1872 నుంచి 1880 వరకు యాభై కట్టారు. ఒక్కోటి దాదాపు 28 టన్నులు. స్టెప్నీ, పాప్లర్, వాపింగ్, ఫెన్‌చర్చ్ అంటూ వాటికి ఊళ్ళ పేర్లు, లండను పేటల పేర్లు పెట్టారు. థేమ్స్ నది కింద బ్రునెల్ తవ్వించిన సొరంగంలోంచి కూడా ఇవి రైళ్ళు లాగాయి. అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్కన తగ్గిస్తే టెరియర్ పొడవు 18 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా ఉండదు. రసాయనంతో కోసిన ఇత్తడి రేకులను టంకం వేసి అతికితే ఇంజను ఆకారం వస్తుంది. ఆ పని అయ్యేసరికి చాలామందికి సగం దారి దాటామనిపిస్తుంది. నాకు మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది.

మొదటి చిక్కు, ఆ పసుపు ఏ పసుపు? ఆనాటి ఫొటోలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. అప్పటి గాజు పలకలకు నీలం బాగా పట్టేది, పసుపు, ఎరుపు పట్టేవి కావు. ఎండలో ధగధగలాడిన ఇంజను ఫొటోలో ముదురుగా, ఎర్రగీత దాదాపు నల్లగా పడతాయి. మరికొన్ని రైల్వేల్లో కొత్త ఇంజనుకు ఫొటో కోసమే బూడిదరంగు పూసి, గీతలు స్పష్టంగా కనిపించేలా చేసేవారు. కాబట్టి ఫొటో చూసి గీత ఎక్కడ మొదలై ఎక్కడ వంపు తిరిగిందో తెలుసుకోవచ్చు, రంగు తెలుసుకోలేం.

మిగిలిన ఆధారం బతికున్న ఇంజన్లు. 1882లో కట్టిన గ్లాడ్‌స్టన్‌ను 1927లో స్టీఫెన్‌సన్ లోకోమోటివ్ సొసైటీ కొని కాపాడింది. స్ట్రౌడ్లీ రంగులు తిరిగి వేయించుకుని అది యార్క్ మ్యూజియం చేరింది. బాక్స్‌హిల్ అనే టెరియర్ కూడా అక్కడే ఉంది. వీటి మీదున్నది తర్వాత వేసిన రంగే. అయినా 1905 దాకా బ్రైటన్‌లో ఆ పసుపు పూశారు కనుక, గ్లాడ్‌స్టన్‌కు రంగు వేసేనాటికి దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. నేను రంగు కలిపేటప్పుడు ఆ రెండు ఇంజన్లనే ప్రమాణంగా పెట్టుకుంటాను.

అక్కడితో తేలదు. అసలు ఇంజనుకు పూసిన వార్నిష్ కాలంతో పసుపెక్కుతుంది. క్లీనర్లు రోజూ నూనె గుడ్డతో తుడిచేవారు. షెడ్డులోంచి నిన్న వచ్చిన ఇంజనూ మూడేళ్ళు తిరిగిన ఇంజనూ ఒక్క రంగులో ఉండవు. పైగా చిన్న వస్తువు మీద ఏ రంగైనా ముదురుగా కనబడుతుంది. ఇంటి దీపం వెలుగులో మరీను. అందుకని డబ్బాలోని పసుపుకు కాస్త తెలుపు కలపాలి, ఆ కలపడం కూడా ఇంజను చివరికి ఏ దీపం కింద నిలబడుతుందో ఆ దీపం కిందే జరగాలి. ఖచ్చితమైన రంగు నంబరు కావాలని పట్టుబట్టేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. అడగాల్సింది ఏ సంవత్సరం, ఏ వెలుగు అని.

ఇక గీతలు. అసలు ఇంజను మీద పావు అంగుళం గీత ఈ కొలతలో మిల్లీమీటరులో ఏడో వంతు, అంటే రెండు వెంట్రుకల మందం. అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల చిన్న నమూనా అయితే ఒక్క వెంట్రుకే. నీళ్ళలో నానబెట్టి అతికించే అచ్చు గీతలు దొరుకుతాయి, వాటితో చక్కటి పని చేసేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం చేత్తో గీసిన గీతే కావాలి. అసలు ఇంజను మీద ఉన్నదీ చేతి గీతే. మన హైవేల పక్క షెడ్లలో లారీ బాడీ పెయింటరు పొడవాటి కుంచె పట్టి ఊపిరి బిగించి తలుపు ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క గీత లాగుతాడు చూడండి, బ్రైటన్ వర్క్‌షాపులో లైనింగు పనివాళ్ళు చేసిందీ అదే. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. స్ట్రౌడ్లీ పేరుతో మనం మెచ్చుకునే అందమంతా ఆ చేతులది.

నమూనా మీద కుంచె పనికిరాదు, రూలింగ్ పెన్ కావాలి. ఒకప్పుడు మన పాలిటెక్నిక్ విద్యార్థులు ట్రేసింగ్ కాగితం మీద ఇండియన్ ఇంకుతో గీతలు గీసిన పెన్నే అది. ఇక్కడ ఇంకు బదులు పలచన చేసిన ఎనామెల్ రంగు. దాన్ని కుంచెతో చుక్కగా పెన్ను ముక్కులోని రెండు రేకుల మధ్య వదిలి, రేకుల బయటి వైపు శుభ్రంగా తుడిచి, ముందు గాజు ముక్క మీద గీసి చూడాలి. పలచనైతే పాకుతుంది, చిక్కనైతే గీత మొదలవ్వదు. ఇంజను మీద పెన్ను ఆనాలి తప్ప నొక్కకూడదు. నొక్కితే కింది పసుపు గీరుకుపోతుంది. ముందు మూలల వంపులు గీసి, తర్వాత వాటిని తిన్నటి గీతలతో కలపాలి. వంపును వెతుక్కుంటూ తిన్నటి గీత వెళ్ళడం తేలిక, తిన్నటి గీతకు వంపును కలపడం కష్టం. ఒక రంగు గట్టిపడ్డాకే రెండోది. నలుపు పక్కన ఎరుపు తడిమీద పడితే రెండూ కలిసి గోధుమరంగు చారవుతుంది.

అడుగు పసుపును సెల్యులోజ్ రంగుతో వేయడం వెనక ఒక కారణం ఉంది. ఎనామెల్ గీత వంకరపోతే టర్పెంటైన్‌లో ముంచిన పుల్లతో దాన్ని మాత్రమే తుడిచేయవచ్చు. సెల్యులోజ్‌ను టర్పెంటైన్ ముట్టుకోదు. ఆ పసుపు నిగనిగలాడాలి కూడా. గరుకు నేల మీద గీత అంచులు చెదురుతాయి. మెరుపును చివరి వార్నిష్‌తో తగ్గించుకోవచ్చు. బాయిలరు చుట్టూ ఉండే పట్టీల గీతలను నేను విడిగా పలచటి పట్టీల మీద గీసి తర్వాత చుడతాను. గుండ్రటి ఒంటి మీద నిలబెట్టి గీయగల నేర్పరులంటే నాకు అపారమైన గౌరవం.

ఏ సంవత్సరమో ముందే తేల్చుకోవాలన్నాను. 1905లో వచ్చిన డగ్లస్ ఎర్ల్ మార్ష్ హయాంలో పసుపు పోయి ముదురు గోధుమరంగు వచ్చింది. 1923 తర్వాత సదరన్ రైల్వే ఆకుపచ్చ, దేశంలోని రైళ్ళన్నీ ప్రభుత్వపరం అయిన 1948 తర్వాత నలుపు. ఒకే టెరియర్ ఈ వేషాలన్నీ వేసింది. ప్రతి మార్పుకూ గీతలు తగ్గుతూ వచ్చాయి. నాకు 1880ల పసుపే కావాలి. దానికి అందం ఒక్కటే కారణం కాదు. స్ట్రౌడ్లీ ఒక్కో ఇంజనును ఒక్కో డ్రైవరుకు అప్పగించి, ఆ డ్రైవరు పేరును క్యాబు లోపల బంగారు అక్షరాలతో రాయించేవాడు. తుడిచినా, నడిపినా, పాడైనా అది ఫలానావాడి ఇంజను. అంత చక్కటి రంగు రోజూ బొగ్గు పొగలో తిరుగుతూ కూడా శుభ్రంగా నిలిచిందంటే, ఆ రాత చేసిన పని చాలా ఉందని నా నమ్మకం.

అడుగుకు ఏడు మిల్లీమీటర్ల నమూనాలో ఆ పేరు ఎవరికీ కనపడదు, రాయక్కరలేదు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. బయటి గీతలన్నీ ప్రయాణికుల కోసం, కంపెనీ పరువు కోసం. లోపలి పేరొక్కటే ఇంజను నడిపే మనిషి కోసం. అయితే క్యాబు పైకప్పు అతికిస్తే ఇక కుంచె లోపలికి దూరదు. అందుకని తెల్లరంగు ఆరిపోయినా కప్పును ఇంకా విడిగానే ఉంచాను. నేనెంచుకున్న ఏడాది ఈ ఇంజను ఏ డ్రైవరు చేతిలో ఉందో ముందు వెతకాలి.